పైమెరుపు వదిలి అడుగు చూసి కొన్న బండి: మిషిగన్ ఉప్పు రోడ్ల మీద ఒక పాత స్టేషన్ వ్యాగన్ కేసు

మిషిగన్‌లో పాత కారు కొనాలనుకునేవాళ్ల తరఫున ముందుగా బండిని లిఫ్ట్ ఎక్కించి చూసి చెప్పడం నా పని. చాలా కేసులు ఒక పేజీ రిపోర్టుతో అయిపోతాయి. ఇది అలా అయిపోలేదు. మూడు బండ్లు చూస్తే వాటిలో అందంగా ఉన్నదాన్ని వద్దన్నాను, ఎవరూ రెండోసారి తిరిగి చూడని బండిని కొనమన్నాను. ఎక్కడ ఎందుకు ఏ నిర్ణయం తీసుకున్నామో కొన్నాయన అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

డెట్రాయిట్ శివార్లలో ఉండే తెలుగు కుటుంబం. 2021 చివరి నెలలు. చిప్‌ల కొరత వల్ల కొత్త కార్లు దొరక్క, పాత కార్ల ధరలు మండిపోతున్న రోజులు. అప్పు లేకుండా ఏడు వేల డాలర్లలో పని అయిపోవాలన్నది ఆయన షరతు. ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండబోతున్నారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఉన్న సెడాన్‌లో కూర్చోవాలంటే బాగా కిందికి వంగాలి, స్నేహితుల ఎస్‌యూవీ ఎక్కాలంటే కాలు ఎత్తలేరు. స్టేషన్ వ్యాగన్ (వెనక డిక్కీ బదులు పైకప్పు చివరిదాకా సాగి నిటారు తలుపు ఉండే కారు) సీటు ఈ రెండింటికీ మధ్య ఎత్తులో ఉంటుంది. దానికి తోడు కూతురు నేర్చుకుంటున్న వాయిద్యం పెట్టె పొడవుగా ఉంటుంది, సెడాన్ డిక్కీలో పట్టదు. అది ఏ వాయిద్యమో రాస్తే ఇది ఎవరి కథో ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ తెలిసిపోతుంది, కాబట్టి వదిలేస్తున్నాను.

బావమరిది మాత్రం మొదటినుంచీ ఒకటే పాట. "కామ్రీ తీసుకో బావా, కళ్లు మూసుకుని నడుస్తుంది." మాట తప్పు కాదు. కానీ ఆ ధరలో ఈ రాష్ట్రంలో దొరికే ఏ బండికైనా అసలు ప్రశ్న ఇంజిన్ గురించి కాదు, ఇంజిన్ బిగించి ఉన్న ఉక్కు గురించి.

ఇక్కడి చలికాలం తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతులో, పెద్ద ఉప్పు గని ఉంది. చలి బాగా ముదిరితే మామూలు ఉప్పు సరిగా పనిచేయదు కాబట్టి కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణాలు కూడా వాడతారు. వీటితో చిక్కేమిటంటే ఇవి గాలిలోని తేమను లాక్కుంటాయి. రోడ్డు ఆరిపోయినా బండి సందుల్లోకి చేరినది తడిగానే ఉంటుంది. విశాఖ బీచ్ రోడ్డులో ఉండేవాళ్లకి ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఎలా తుప్పు పడతాయో తెలుసు. అక్కడ దెబ్బ గాలినుంచి వస్తుంది, కంటికి కనిపిస్తుంది. ఇక్కడ చక్రాలు చిమ్మే ఉప్పునీటితో కిందినుంచి వస్తుంది, ఎవరూ వంగి చూడని చోట.

మిషిగన్‌లో వాహనాలకి ఏటేటా భద్రతా తనిఖీ లేదు. న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో ఏడాదికోసారి చూస్తారు. ఇక్కడ అడుగు ఎంత తినేసినా నంబర్ ప్లేటు రెన్యువల్ అయిపోతూనే ఉంటుంది. కాబట్టి "రోజూ తిరుగుతున్న బండే కదా" అన్న ధీమాకి ఇక్కడ విలువ లేదు.

మొదటి బండి: మెరిసేది

ఆయన నా దగ్గరికి వచ్చేసరికే ఒక బండి మీద మనసు పడ్డాడు. ఒక చిన్న డీలర్ దగ్గర 2008 సుబారు అవుట్‌బ్యాక్ వ్యాగన్, 1,18,000 మైళ్లు, అడుగుతున్నది 6,400 డాలర్లు. పెయింట్ తళతళలాడుతోంది, లోపల సీట్లు శుభ్రంగా ఉన్నాయి. పైగా ప్రకటనలో "కొత్తగా అండర్‌కోటింగ్ చేయించాం" అని ఉంది, అంటే బండి అడుగుకి తుప్పు పట్టకుండా పూత. ఆయనకి బాగా నచ్చింది ఆ చివరి మాటే. నాకు అనుమానం వచ్చింది కూడా దాంతోనే.

పదమూడేళ్లు ఉప్పు రోడ్ల మీద తిరిగిన బండికి, అమ్మకానికి పెట్టే ముందు నల్లరంగు కొట్టించడానికి కారణాలు ఎక్కువ ఉండవు. డీలర్ లిఫ్ట్ ఎక్కించడానికి ఒప్పుకున్నాడు. (ఒప్పుకోకపోతే అక్కడితో కథ ముగిసేది. లిఫ్ట్ వద్దన్న అమ్మకందారుతో నేను రెండో మాట మాట్లాడను.) పైకి లేపి చూస్తే రబ్బరు లాంటి నల్లటి పూత అన్నిటి మీదా పడి ఉంది: బోల్టుల మీద, బ్రేకుల రబ్బరు గొట్టాల మీద, చివరికి సైలెన్సర్ మీద కూడా. కాపాడాలని కొట్టేవాడు ముందు శుభ్రం చేసి, కొట్టకూడనివాటికి టేపు అంటించుకుంటాడు. దాచాలని కొట్టేవాడికి అంత తీరిక ఉండదు.

ఇలాంటి చోట కంటికంటే చెవి నయం. చిన్న సుత్తితో తడుతూ వెళ్తే మంచి ఉక్కు ఖంగుమంటుంది. తినేసిన ఉక్కు, కింద పొరలు లేచిన ఉక్కు మూగగా పలుకుతుంది. కానీ మందపాటి రబ్బరు పూత ఏ ఉక్కు శబ్దాన్నైనా మింగేస్తుంది. అందుకని సన్నటి మొన ఉన్న పిక్ తీసుకున్నాను. డ్రైవర్ వైపు, వెనక చక్రానికి ముందు, రాకర్ ప్యానెల్ చివర బొటనవేలితో నొక్కినంత బలంతో నొక్కితే పిక్ పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే దానితోపాటు తడి ఎర్రటి పొడి వచ్చింది, చాయ్ పొడి అంత మెత్తగా.

రాకర్ అంటే తలుపుల కింద బండి పొడవునా ఉండే డొల్ల ఉక్కు పెట్టె. దాని మీదే తలుపుల మధ్య స్తంభం నిలబడుతుంది, పక్కనుంచి గుద్దితే దెబ్బ అదే తీసుకుంటుంది. అవుట్‌బ్యాక్‌లో దీని బయటివైపు ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది కాబట్టి నిలబడి చూసేవాడికి కనిపించదు. నీరు కారిపోవడానికి అడుగున రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి సన్నటి తీగ చివర ఉండే బోర్‌స్కోప్ కెమెరా పంపి చూశాం. ఆ రంధ్రాల్లో సగం కొత్త పూతతో మూసుకుపోయి ఉన్నాయి. అంటే అండర్‌కోటింగ్ తుప్పుని దాచడమే కాదు, లోపలి నీటిని బయటికి పోనివ్వకుండా తుప్పుని పెంచుతోంది కూడా. లోపలి గోడ మీద పొలుసులు పెచ్చులుగా లేచాయి.

చెదపట్టిన ద్వారబంధానికి రంగు వేసినట్టుంది ఈ బండి.

అక్కడే అసలు వాదన మొదలైంది. డీలర్ పదిహేను వందలు తగ్గిస్తానన్నాడు. ఆయనకి ఆశ పుట్టింది.

"అన్నా, మన దగ్గరైతే టింకరింగ్ చేసి, లప్పం పెట్టి, రంగేసి ఇస్తారుగా. ఆ పదిహేను వందల్లో ఇక్కడ చేయించలేమా?"

వినగానే కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. అందుకే ధర కనుక్కుందామన్నాను. అడిగిన రెండు బాడీ షాపుల్లో ఒకటి పని ఒప్పుకోనే లేదు. రెండోది ఒక్కో వైపుకి రెండు వేల నుంచి మొదలవుతుందని, విప్పి చూస్తేగానీ చివరి లెక్క చెప్పలేమని అంది. ఈ "విప్పి చూస్తేగానీ" అన్న మాటే నా నిర్ణయానికి ఆధారం. ముక్క వేసి వెల్డ్ చేయాలంటే అంచు మంచి ఉక్కుకి అతకాలి. తుప్పు ఎక్కడ ఆగిందో కోసుకుంటూ పోతేగానీ తెలియదు. అది స్తంభం మొదటి దాకా పాకి ఉంటే పని రెండింతలు. వెల్డింగ్ వేడికి లోపలివైపు ఉన్న రక్షణ పూత కాలిపోతుంది. అక్కడికి మళ్లీ మైనపు పూత చేరేలా కొట్టకపోతే కొత్త అతుకు పక్కనే రెండు మూడు చలికాలాల్లో మళ్లీ మొదలవుతుంది. ఇంతా చేస్తే బండి 2008దే, అమ్మబోతే వెల్డింగ్ చేసిన బండి.

వద్దన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది గానీ పిక్ దిగిన వీడియో ఇంట్లో చూపించాక ఇంకెవరూ మాట్లాడలేదట.

రెండో బండి: దక్షిణాది నుంచి

ఉప్పు లేని చోటునుంచి తెప్పించుకుంటే పోదా అన్నది సహజంగా వచ్చే ఆలోచన, మంచి ఆలోచన కూడా. అమెరికా దక్షిణాది రాష్ట్రం జార్జియాలో 2007 వోల్వో వి70 వ్యాగన్ దొరికింది. ఆ తరం వోల్వోల బాడీ జింకు పూత ఉన్న ఉక్కు, తుప్పుకి బాగానే తట్టుకుంటుంది. బండ్ల పాత రికార్డులు అమ్మే కార్‌ఫాక్స్ ఇచ్చిన చరిత్రలో మొదటినుంచీ రిజిస్ట్రేషన్ జార్జియాలోనే. ఆ వరస చూడకుండా "సదరన్ కార్" అన్న మాట నమ్మకూడదు. ఒహాయోలో పదేళ్లు తిరిగి, అటు వెళ్లి ఏడాది ఉన్న బండ్లని కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. ఫ్లోరిడా తీరం బండికి సముద్రం ఉప్పు, వరద నీరు అనే వేరే బెడదలు ఉంటాయి.

అక్కడే ఉన్న ఒక తనిఖీదారుతో చూపించాం. అడుగు ఫోటోల్లో ఎర్రమట్టి దుమ్ము తప్ప ఏమీ లేదు, బోల్టుల తలలు ఫ్యాక్టరీలో ఎలా వచ్చాయో అలాగే ఉన్నాయి. ఎండకి రబ్బరు బుష్‌లు పగిలాయి, లోపలి పైకప్పు బట్ట జారింది. రెండూ డబ్బుతో తీరేవే. లారీ మీద తెప్పించే ఖర్చుతో కలిపి బడ్జెట్‌లోనే వచ్చేలా ఉంది.

కుదరలేదు. మేం రిపోర్టు చదివి, రవాణా మాట్లాడి, డబ్బు పంపే పద్ధతి తేల్చుకునేలోపు ఎవరో ఎదురుగా నగదు పెట్టి తీసుకెళ్లిపోయారు. ఆ సీజన్లో మంచి బండి వారం నిలిచేది కాదు. ముందే అడ్వాన్సు పంపేద్దామా అని ఆయన అడిగాడు. నేను ఒప్పుకోలేదు. చూడని మనిషికి, టైటిల్ (బండి యాజమాన్య పత్రం) చేతికి రాకుండా, తిరిగి రాని అడ్వాన్సు పంపడమంటే తుప్పు రిస్కుని తీసేసి మోసం రిస్కుని తెచ్చుకోవడమే. ఎవరైనా బంధువు అట్లాంటాలో ఉంటే లెక్క వేరుగా ఉండేది. లేరు.

మూడో బండి: ఎవరూ చూడనిది

నవంబరులో ఒక రిటైరైన పెద్దాయన పెట్టిన ప్రకటన కనిపించింది. 2006 అవుట్‌బ్యాక్, 1,49,000 మైళ్లు. మొదటిదానికంటే రెండేళ్లు పాతది, ముప్పై వేల మైళ్లు ఎక్కువ తిరిగింది. బానెట్ మీద వడగళ్ల సొట్టలు, ఒక తలుపు మీద పొడవాటి గీత, రంగు వెలిసింది. వెనక చక్రాల పై అంచుల్లో రెండు వైపులా రూపాయి బిళ్లంత తుప్పు బొబ్బలు. ప్రకటన పెట్టి చాలా రోజులైనా బండి అలాగే ఉంది.

నన్ను అక్కడికి నడిపించింది ఫోటోల్లో ఒక మూల కనిపించిన రసీదుల కట్ట. ఏటా అక్టోబరులో అడుగున నూనె స్ప్రే చేయించిన రసీదులు. రబ్బరు పూత కాదు, నూనె. రబ్బరు పూత గట్టిపడి ఎక్కడో చీలుతుంది, చీలిక వెనక ఉప్పునీరు చేరి బయటికి రాదు. నూనె, లానోలిన్ (గొర్రె ఉన్నినుంచి తీసే మైనం) లాంటివి గట్టిపడవు. సందుల్లోకి పాకుతాయి, గీత పడినా మళ్లీ పరుచుకుంటాయి. కాకపోతే కడుక్కుపోతాయి కాబట్టి ఏటా కొట్టించాలి, వాకిట్లో రెండు మూడు రోజులు చుక్కలు కారతాయి.

లిఫ్ట్ మీద చూస్తే అడుగు అసహ్యంగా ఉంది. జిగురు, దుమ్ము, గోధుమరంగు మురికి. వేలితో తుడిస్తే కింద ఫ్యాక్టరీ రంగు కనిపించింది. సుత్తితో రాకర్ పొడవునా తట్టాను, ఒక చివరనుంచి ఇంకో చివరకి ఒకే శబ్దం. పిక్ ఎక్కడా దిగలేదు. నీటి రంధ్రాలు తెరిచే ఉన్నాయి. వెనక డిక్కీ నేల ఎత్తి, స్పేర్ టైరు గుంత, స్ట్రట్లు బిగించే చోట్లు టార్చి వెలుగు అడ్డంగా పడేలా పట్టి చూశాను. వ్యాగన్‌లో ఈ భాగం తప్పకుండా చూడాలి. బండి నడిచేటప్పుడు వెనక నిటారు తలుపు దగ్గర గాలి సుడి తిరిగి రోడ్డు మీది తుంపరని వెనక్కి లాక్కుంటుంది, ఆ తడి తలుపు కింది అంచు మడతల్లో చేరుతుంది. ఇక్కడ అంచు మడతలో కొంచెం ఎర్రదనం తప్ప నేల పొడిగానే ఉంది.

లోపాలు లేవని కాదు. మూడు ఉన్నాయి.

మొదటిది బ్రేక్ పైపులు. 2005–2009 లెగసీ, అవుట్‌బ్యాక్‌లతో సహా 6,60,000కు పైగా బండ్లకి 2014లో సుబారు రీకాల్ ఇచ్చింది, అంటే లోపం సరిచేయడానికి కంపెనీయే బండ్లని వెనక్కి పిలిచింది. ఇంధన ట్యాంకు దగ్గర బ్రేక్ పైపుల మీద ఉప్పునీరు పడి అవి తుప్పు పట్టవచ్చన్నది కారణం. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో బండి విన్ (గుర్తింపు) నంబరు కొడితే పెండింగ్ రీకాల్ ఏమీ లేదని వచ్చింది. ఆయన సంతోషించాడు. ఆ సంతోషం సగమే చెల్లుతుంది. ఆ రీకాల్లో పైపు కారుతుంటేనే మార్చారు, కారకపోతే తుప్పు నిరోధక మైనం పూశారు. కాబట్టి రీకాల్ పూర్తయింది అంటే పైపులు కొత్తవని కాదు. ఇక్కడ ట్యాంకు పైన పైపుల మీద పొలుసులు లేచి ఉన్నాయి.

రెండోది పెట్రోలు పోసే గొట్టం. ప్లాస్టిక్ కవరు వెనక మట్టి, ఉప్పు పేరుకుని పైభాగం తుప్పు పట్టింది. మూడోది ఇంజిన్: ఎడమ వైపు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ దిమ్మకీ దాని హెడ్‌కీ మధ్య ఉండే సీలు) కింది అంచున నూనె చెమ్మ. ఈ 2.5 లీటర్ల ఇంజిన్లలో ఇది అందరికీ తెలిసిన జబ్బే. టైమింగ్ బెల్టు 1,08,000 దగ్గర మార్చిన బిల్లు ఉంది, కంపెనీ చెప్పిన గడువు 1,05,000 మైళ్లు. అది తెగితే ఈ ఇంజిన్లో వాల్వులు వంగిపోతాయి కాబట్టి బిల్లు చూడకుండా ముందుకు వెళ్లేవాణ్ని కాదు.

బావమరిది ఫోన్లో గట్టిగానే అడ్డుపడ్డాడు. ఇంజిన్ నూనె కారుతున్న బండిని, అదీ ఎక్కువ తిరిగినదాన్ని, ఎలా కొనమంటున్నారని. నేను చెప్పింది ఇది: హెడ్ గాస్కెట్ పని ఏ షాపుని అడిగినా ఫోన్లోనే ధర చెప్తారు. అప్పట్లో రెండు వేలు, అటూ ఇటూ. బ్రేక్ పైపులకి ధర ఉంది, గొట్టానికి ధర ఉంది. ఆ మెరిసే బండి రాకర్‌కి ధర ఎవరూ చెప్పలేకపోయారు. ధర తెలిసిన లోపాన్ని బేరంలో తీసేయొచ్చు, ధర తెలియని లోపాన్ని ఏం చేయగలం? పెద్దాయన 5,200 అడిగాడు. మూడు లోపాల ఫోటోలు ముందు పెట్టి మాట్లాడితే 4,400కి ఒప్పుకున్నాడు. టైటిల్ మార్పిడి, 6 శాతం అమ్మకం పన్ను పోగా చేతిలో రెండు వేల మూడు వందల దాకా మిగిలింది. ఆ మిగులు లేకపోతే ఈ బండి కొనమని చెప్పేవాణ్ని కాదు.

కొన్నాక చేసినవి

బ్రేక్ పైపులు మొదటి పని. పాడైన ముక్క వరకే మార్చి సరిపెడదామని షాపు అంది, ఖర్చు సగమవుతుంది. ముందునుంచి వెనక దాకా మొత్తం మార్చమన్నాం. పాత పైపు నట్టు తిప్పేటప్పుడు తుప్పు పట్టిన పైపు కూడా దానితో మెలి తిరుగుతుంది. ఒకచోట బాగుచేస్తే పక్కచోట బలహీనపడుతుంది, అది ఎప్పుడు తెగుతుందో బ్రేకు నొక్కినప్పుడే తెలుస్తుంది. ఉక్కు బదులు నికెల్-కాపర్ పైపులు వేయించాం. వంచడం తేలిక, ఉప్పుకి తుప్పు పట్టదు. పెట్రోలు గొట్టం కూడా అప్పుడే మార్పించాం.

గాస్కెట్ మాత్రం ముట్టుకోలేదు. చెమ్మ మాత్రమే ఉంది, కూలెంట్ తగ్గడం లేదు. ప్రతి ఆయిల్ మార్పుకి చూసి, చుక్కలుగా మారితే చేయిద్దామని వాయిదా వేశాం. ఉన్న డబ్బుని ప్రాణం మీదికి తెచ్చే లోపం మీద ముందు పెట్టాలి.

తుప్పు బొబ్బల సంగతి ఇంట్లో అందరికీ కళ్లకి గుచ్చుకునేది. కానీ అది బండి బరువు మోసే చోటు కాదు. అంచు లోపలివైపు మట్టి తీసి నూనె కొట్టించి వదిలేశాం. లప్పం పెట్టిస్తే ఆరు నెలలు బాగుంటుంది, ఆ తర్వాత లప్పమే తేమని పట్టి ఉంచుతుంది.

ఒక అలవాటు మాన్పించడానికి కష్టపడ్డాను. ఇంటికి ఆనుకుని వెచ్చగా ఉండే గ్యారేజీ ఉంది. అమ్మగారు "చలికి బండి పాడైపోద్ది నాయనా, లోపల పెట్టు" అనేవారట. బండికి చలి శత్రువు కాదు. గడ్డకట్టే చలిలో తుప్పు దాదాపు నిద్రపోతుంది. ఉప్పు మంచు అంటిన బండిని వెచ్చటి గ్యారేజీలో పెడితే మంచు కరిగి ఉప్పునీరవుతుంది, వెచ్చదనానికి తుప్పు వేగం పెరుగుతుంది. ఉప్పు రోడ్ల మీద తిరిగొస్తే బయటే ఉంచమన్నాను, ఉష్ణోగ్రత సున్నా దాటిన రోజు అడుగు కడిగించి లోపల పెట్టమన్నాను. వసంతంలో చివరి ఉప్పు పోయాక ఒకసారి బాగా కడిగించడం ఇంకా ముఖ్యం. ఎండాకాలం వేడీ తేమా వచ్చేసరికి సందుల్లో ఉప్పు ఉండకూడదు.

తర్వాత

రెండో చలికాలం తర్వాత గాస్కెట్ చెమ్మ చుక్కలైంది. రెండు వేల రెండు వందలైంది. బావమరిది ఆ బిల్లు గురించి ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. దాన్ని కలుపుకున్నా పెట్టిన మొత్తం, మెరిసే బండికి మొదట అడిగిన ధరకి ఒక్క వైపు వెల్డింగ్ కలిపితే వచ్చే లెక్కని దాటలేదు.

చక్రం అంచు బొబ్బల్లో ఒకటి మూడో చలికాలానికి చిల్లు పడింది. అనుకున్నదే. అనుకోనిది వెనక సబ్‌ఫ్రేమ్‌లో (వెనక సస్పెన్షన్ బిగించి ఉండే ఉక్కు చట్రం), కుడి బుష్ పక్కన, కొత్తగా లేచిన పొలుసు. నూనె స్ప్రే అక్కడికి సరిగా చేరట్లేదు, గొట్టం వంచి కొట్టాల్సిన చోటు. వైరు బ్రష్‌తో గీకి, మందం చూసి, చేత్తో నూనె పట్టించాం. సబ్‌ఫ్రేమ్ బోల్టులతో బిగించిన భాగమే కాబట్టి అవసరమైతే దక్షిణాది బండినుంచి తీసిన పాతది దొరుకుతుంది. బోల్టులు విరగకుండా ఊడతాయా లేదా అన్నదే సందేహం. అందుకని ఇప్పటినుంచే ప్రతి ఆయిల్ మార్పుకి ఆ నాలుగు బోల్టుల మీద తుప్పు వదిలించే నూనె పోయిస్తున్నాం. వచ్చే అక్టోబరులో స్ప్రేకి ముందు లిఫ్ట్ ఎక్కించినప్పుడు ఆ పొలుసు చోట పిక్ దిగిందంటే బోల్టులు తిప్పి చూస్తాం. అవి కదలకపోతే బండి అమ్మకానికి పెడతాడు, కొనడానికి వచ్చినవాళ్లకి ఆ చోటు ఫోటో ముందే చూపించాలని ఆయనకి చెప్పి ఉంచాను.